పాత భవనానికి వారసత్వ హోదా ఇవ్వాలా వద్దా అన్నది దేన్ని బట్టి తేల్చాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. దాదాపు 90 ఏళ్ల గ్రంథాలయ భవనం ఒకటుంది. కూల్చి కొత్తది కట్టాలని ప్రతిపాదన వచ్చింది. వారసత్వ కట్టడంగా ప్రకటించాల్సిందేనని కొందరు పట్టుబడుతున్నారు. పెచ్చులూడుతున్న కొంపకు ఇంత హడావుడి ఎందుకని ఇంకొందరు. పరిశీలన బృందంలో మిమ్మల్ని వేశారు. మీరు ఇంజినీరూ కాదు, చరిత్ర చదివినవారూ కాదు. "అర్హత ఉందో లేదో దేన్ని బట్టి చెప్పాలి?" అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వయసును బట్టి కాదు, అందాన్ని బట్టీ కాదు. రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ భవనం లేకుండా పోతే మనకు తెలియకుండా పోయేది ఏమిటి? ఆ సంగతి చెప్పే భాగం ఇవాళ్టికీ నిలిచి ఉందా? రెండింటికీ గట్టి జవాబు దొరికితే అర్హత ఉన్నట్టే. మొదటిదానికి దొరికి రెండోదానికి దొరక్కపోతే కొలతలు తీసి, ఫొటోలు తీసి, అక్కడొక ఫలకం పెట్టి ఊరుకోవచ్చు. మొదటిదానికే జవాబు లేకపోతే కూల్చేవాళ్లకు అడ్డం పడకండి.

చివరి మాట కటువుగా ఉందనిపించవచ్చు. పాత కట్టడాల మరమ్మతే నా వృత్తి, పాతికేళ్లుగా సున్నం దుమ్ములోనే బతుకుతున్నాను. అయినా నేను కూర్చున్న కమిటీల్లో "అర్హత లేదు" అని సంతకం పెట్టినవే ఎక్కువ. పాతదల్లా గొప్పదేనని వాదిస్తూ పోతే, నిజంగా కాపాడాల్సినది వచ్చిన రోజున మన మాట ఎవరూ వినరు.

వయసు సంగతి త్వరగా ముగిస్తాను. భారతదేశంలో 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం కనీసం 100 ఏళ్లు ఉండాలి. అమెరికాలో చారిత్రక స్థలాల జాబితా అయిన జాతీయ రిజిస్టర్‌లో మామూలుగా 50 ఏళ్లు. న్యూయార్క్ నగరం సొంత చట్టంలో 30. ఇంగ్లండ్‌లోనూ 30 ఏళ్లు దాటాకే సాధారణంగా పరిశీలిస్తారు. అంటే ఒకే భవనం ఒకచోట పసిబిడ్డ, ఇంకోచోట తాతగారు. ఈ గడువులు ఎందుకు పెట్టారంటే, కట్టిన కొత్తలో ఉండే మోజు గానీ చిరాకు గానీ చల్లారాక చూడాలని. పారిస్‌లో ఈఫిల్ టవర్‌ను 1889లో 20 ఏళ్ల అనుమతితోనే కట్టారు. ఆ తర్వాత విప్పేయవలసింది, రేడియో సంకేతాలకు పనికొచ్చింది కాబట్టి బతికిపోయింది. అటువైపు సిడ్నీ ఒపేరా హౌస్ 1973లో తెరుచుకుంటే 2007కల్లా ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. కాబట్టి వయసు ద్వారపాలకుడి లాంటిది. లోపలికి పంపుతుందేమో గానీ తీర్పు చెప్పదు. మీకు వర్తించే చట్టంలో గడువు ఎంతో చూసుకుని ముందుకు వెళ్లండి.

ఒక్క వాక్యం రాయండి. ప్రతి పరిశీలనా నేను దీనితోనే మొదలుపెడతాను. "ఈ భవనం వల్ల మనకు ఫలానాది తెలుస్తుంది" అని ఒకే వాక్యం. అందులో "పాత", "అందమైన", "ఘనమైన", "జ్ఞాపకాలు" అన్న మాటలు రాకూడదు. మొదటిసారి కూర్చున్న ఏ కమిటీ సభ్యుడూ పది నిమిషాల్లో రాయలేకపోయాడు. కలం ఆగిపోతుంది. ఆగిపోయిన చోటే అసలు పని మొదలవుతుంది.

ఆ ఫలానాది నాలుగైదు రకాలుగా ఉండవచ్చు. ఏదో పెద్ద సంఘటన అక్కడ జరిగి ఉండవచ్చు. ఒక ముఖ్యమైన మనిషి తన అసలు పని అక్కడ చేసి ఉండవచ్చు. కట్టిన తీరులోనో, సామగ్రిలోనో విశేషం ఉండవచ్చు. తవ్వి చూస్తే ఇంకా తెలియాల్సినవి ఉండవచ్చు. అమెరికా రిజిస్టర్‌లోని నాలుగు ప్రమాణాలూ దాదాపు ఇవే. వారసత్వ స్థలాల పరిరక్షణకు ఆస్ట్రేలియా నిపుణులు 1979లో రాసుకున్న మార్గదర్శక పత్రం, బుర్రా చార్టర్, ఇంకోటి కలిపింది, సామాజిక విలువ. అంటే జనం ఆ చోటును తమదిగా పట్టుకుని ఉండటం. గ్రంథాలయానికి ఇది బాగా వర్తిస్తుంది. కానీ దీన్ని చివర్లో వాడండి, ముందు పెడితే "అందరికీ ఇష్టం" అన్న ఒక్క మాటతో నివేదిక ముగిసిపోతుంది.

ముఖ్యం కావాలంటే గొప్పగా కనిపించాలన్న నియమం ఎక్కడా లేదు. అమెరికాలో మెంఫిస్‌లోని లొరెయిన్ మోటెల్ చూడండి. వరుస గదులు, ముందు బాల్కనీ, అంతే. రోడ్డు పక్కన అలాంటివి లెక్కలేనన్ని. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ ఆ బాల్కనీలోనే హత్యకు గురయ్యారు. ఇవాళ అది పౌరహక్కుల మ్యూజియం. న్యూయార్క్‌లో 97 ఆర్చర్డ్ స్ట్రీట్ అని 1863లో కట్టిన అద్దె ఇళ్ల భవనం ఉంది. ఇరుకు గదులు, చీకటి మెట్లు. 1935లో పై అంతస్తుల్లో అద్దెకు ఇవ్వడం మానేసి మూసేశారు, అలా దశాబ్దాలు ఉండిపోయాయి. ఎవరూ బాగుచేయలేదు కాబట్టే వలస వచ్చిన పేదలు ఎలా బతికారో గోడ కాగితాల పొరల్లో సహా మిగిలింది. 1994లో దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు. ఈ రెండింటికీ పైన చెప్పిన ఒక్క వాక్యం ఎంత సులువుగా రాయవచ్చో గమనించండి.

"ఫలానా మహానుభావుడు ఇక్కడ బస చేశాడు" అన్న మాట వినగానే జాగ్రత్తపడండి. ఒకసారి ఒక పాత అతిథి గృహం విషయంలో అందరూ ఇదే చెప్పారు. పెద్దాయన పడుకున్న గది అని తలుపు మీద రాసి కూడా ఉంది. స్థలం రికార్డులు తిరగేస్తే, ఆయన వచ్చి వెళ్లిన ఏడాదికి ఆ స్థలంలో పునాది కూడా పడలేదు. ఆ మాట చెప్పినందుకు ఒకాయన నాతో ఇప్పటికీ మాట్లాడరు. బస చేసింది నిజమే అయినా అది చాలదు. ఆ మనిషిని మనిషిగా నిలబెట్టిన పనికీ ఆ చోటుకూ సంబంధం ఉండాలి. అమెరికా రిజిస్టర్ పుట్టిన ఇళ్లనూ సమాధులనూ మామూలుగా తీసుకోదు. పుట్టడంలో ఆయన చేసిందేముంది?

రెండో ప్రశ్నకు వస్తాను. ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఒక సంగతి ముఖ్యమైనదే, కానీ దాన్ని చెప్పే పదార్థం మిగిలిందా? ఉన్నచోటే ఉందా, రూపం అదేనా, చుట్టుపక్కల పరిసరం, వాడిన సామగ్రి, పనివాడి చేతి పని, చూస్తే కలిగే భావం, ఆ చరిత్రతో ముడి... ఇలా ఏడు అంశాలు చూడాలని అమెరికా పద్ధతి. నేను వాడుకునే పరీక్ష ఇంకా మొరటుది: ఆ కాలం మనిషి ఇవాళ వచ్చి నిలబడితే గుర్తుపడతాడా? గుర్తుపడితే చాలు. కిటికీకి కొత్త గాజు వేసినా, విద్యుత్తు తీగలు లాగినా ఫరవాలేదు. గుమ్మంలో నిలబడి "ఇది ఎవరి ఇల్లండీ?" అని అడిగేలా ఉంటే మాత్రం కష్టం.

ఒక ఉదాహరణ. ముందు ఎత్తైన స్తంభాలున్న ఒక భవంతికి హోదా ఇవ్వాలని వందల సంతకాలతో అర్జీ వచ్చింది. నాకూ మొదటి చూపులో నచ్చింది. స్తంభం పాదం దగ్గర పెచ్చు ఊడిన చోట వేలు పెట్టి చూశాను. సున్నం అయితే గోటికి మెత్తగా రాలుతుంది, అందులో ఇసుక రేణువుల మధ్య తెల్లటి సున్నపు గడ్డలు చిన్నచిన్నవి కనబడతాయి. ఇది బూడిద రంగులో రాయిలా ఉంది. సిమెంటు. పైకి మాత్రం సున్నం కొట్టారు. ఇంకొంచెం గీకితే లోపల ఇనుప పైపు, దాని చుట్టూ ఇటుకలు పేర్చి గుండ్రంగా పూశారు. ఇంటివాళ్లను పెళ్లి ఫొటోలు అడిగాను. (ఇది గుర్తుపెట్టుకోండి. పాత భవనాల అసలు రూపం తెలియాలంటే కుటుంబ ఆల్బమ్‌లను మించిన ఆధారం లేదు. మనుషుల వెనక గోడ ఉంటుంది కదా.) ముప్పై ఏళ్ల కిందటి ఫొటోలో ఆ స్తంభాలే లేవు. సాదా కర్ర స్తంభాల వరండా. జనం మెచ్చుకున్న ముఖభాగం వయసు అప్పటికి పాతికేళ్లు కూడా లేదు, దాని వెనక ఉన్న అసలు వరండాను కొట్టేసి మరీ దాన్ని కట్టారు. "లేదు" అని రాశాను.

ఇక నా తప్పు కూడా చెప్పాలి. రైలు పట్టాల పక్కన ఒక గోదాం. నాలుగు ఇటుక గోడలు, పైన రేకులు. కిందనుంచి చూసి పావుగంటలో "ప్రత్యేకత ఏదీ లేదు" అని రాసేశాను. రెండేళ్ల తర్వాత కూలుస్తున్నప్పుడు మేస్త్రి ఫోన్ చేసి రమ్మన్నాడు. పైకప్పు దూలాలు కింద పరిచి ఉన్నాయి. ఒక్క ఇనుప బోల్టు లేదు. కర్రకు కర్ర కొలికి పెట్టి, కర్ర మేకులతో బిగించారు. ప్రతి అతుకు దగ్గర ఉలితో గీట్లు, ఒకటి, రెండు, మూడు... రెండో కర్ర మీద సరిగ్గా అవే గీట్లు. వడ్రంగులు కప్పు మొత్తం నేల మీద పేర్చి, సరిపోయిందని చూసుకుని, గుర్తులు వేసి విప్పి, మళ్లీ పైన అమర్చారన్నమాట. ఏడో నంబరు అతుకులో గీటు ఒకటి ఎక్కువ పడితే దాన్ని చెరిపి పక్కన మళ్లీ చెక్కారు. ఎవరో పొరపాటు చేసి దిద్దుకున్నారు. నాకు మాత్రం దిద్దుకునే అవకాశం లేదు, సాయంత్రానికి లారీలో ఎత్తేశారు. ఆ రోజునుంచి నిచ్చెన లేకుండా పరిశీలనకు వెళ్లను.

మీరు కూడా కప్పు కిందికి వెళ్లి చూడండి. ఫోల్స్ సీలింగ్ ఉంటే ఒక పలక తీయించండి. ఇనుప దూలాల మీద తయారీదారు పేరు పోతపోసినట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది, దాన్నిబట్టి కాలం అంచనా వేయవచ్చు. కర్ర మీద రంపపు గీతలు చూడండి. నిట్టనిలువుగా, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే చేతి రంపం. విల్లులా వంపు తిరిగి ఉంటే యంత్రపు గుండ్రటి రంపం. గోడలకన్నా కప్పు తక్కువ అబద్ధాలు చెబుతుంది, ఎందుకంటే కప్పుకు ఎవరూ సోకులు చేయరు.

గ్రంథాలయం కాబట్టి ఇంకో మాట. పుస్తకాల అరలను ఫర్నిచర్ అనుకుని వదిలేయకండి. ఆ కాలపు కొన్ని గ్రంథాలయాల్లో ఇనుప అరలే నిర్మాణం. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ప్రధాన భవనం 1911లో తెరుచుకుంది. దానిలో ఏడు అంతస్తుల ఇనుప అరలు పైన ఉన్న పెద్ద పఠన మందిరం నేలను మోస్తున్నాయి. ఆ అరలను తీసేయాలన్న ప్రణాళికను పెద్ద వివాదం తర్వాత 2014లో విరమించుకున్నారు. మీ భవనంలో అంత ఉండకపోవచ్చు. కానీ అరలు నేలకు ఆనించి ఉన్నాయా, కప్పుదాకా వెళ్లాయా, చదువుకునే గదికి వెలుతురు ఏ దిక్కునుంచి వస్తోంది, పుస్తకం ఇచ్చే బల్ల గుమ్మానికి ఎదురుగా ఉందా, జనం అరల దాకా వెళ్లేవారా లేక చీటీ రాసి ఇస్తే తెచ్చి ఇచ్చేవారా... ఇవన్నీ గది అమరికలో కనిపిస్తాయి. ఎవరిని లోపలికి రానిచ్చారు, ఎవరిని ఎక్కడ ఆపారు అన్నది ఆ అమరికే చెబుతుంది. మీ ఒక్క వాక్యం బహుశా అక్కడే దొరుకుతుంది.

అసలు పదార్థం మిగలాలన్న నియమానికి మినహాయింపులు ఉన్నాయి. జపాన్‌లో ఇసే మందిరాన్ని 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు, చివరిసారి 2013లో. అక్కడ కాపాడేది కర్రను కాదు, కట్టే విద్యను. నిపుణులు జపాన్‌లోని నారాలో రాసిన 1994 నాటి నారా పత్రం ప్రామాణికతను, అంటే అసలుతనాన్ని, ఆయా సంస్కృతులను బట్టి చూడాలని చెప్పింది. పోలండ్ రాజధాని వార్సాలోని పాత పట్టణం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైతే మళ్లీ కట్టారు, 1980లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడ గుర్తించింది ఆ పునర్నిర్మాణాన్నే. ఈ రెండింటినీ చూపించి "మనమూ కూల్చి అచ్చం అలాగే కడదాం" అనేవాళ్లు ప్రతి సమావేశంలో ఒకరుంటారు. ఇసేలో తరతరాల వడ్రంగులున్నారు. మీ కాంట్రాక్టర్ దగ్గర ఉన్నారా అని అడగండి.

శిథిలావస్థ వేరు, అర్హత వేరు. మీ బృందంలో సగం గొడవ దీన్ని కలిపేయడం వల్లే అని నా అనుమానం. కప్పు కారుతోంది, గోడ పగిలింది, బాగు చేయడానికి డబ్బుల్లేవు. ఇవన్నీ నిజమే, కానీ అవి ఇంకో ప్రశ్నకు జవాబులు. ఇంగ్లండ్ నిబంధనల్లోనైతే భవనం ప్రత్యేకతను తేల్చేటప్పుడు మరమ్మతు స్థితిని సాధారణంగా లెక్కలోకి తీసుకోరనే ఉంది. నేను రెండు వేర్వేరు కాగితాలు రాయిస్తాను. మొదటిది అర్హత మీద. అది సంతకాలయ్యాకే రెండోది, ఏం చేయగలం అన్నది. కలిపి రాస్తే ఖర్చుకు భయపడి చరిత్రను తగ్గించి రాస్తారు, లేదా చరిత్రను ప్రేమించి ఖర్చు దాస్తారు. పెచ్చులూడటం గురించి ఇంకో ముక్క: సున్నపు గోడ మీద ఎవరో తర్వాత సిమెంటు పూత పూసి ఉంటే తేమ బయటికి పోలేక లోపలే ఉండి పూత ఊడుతుంది. అది గోడ చెడిపోయిందనడానికి రుజువు కాదు. సున్నపు పని తెలిసినవాడితో ఒకసారి చూపించండి.

అర్జీ పెట్టినవాళ్ల ఉద్దేశం కూడా గమనించండి. పక్కన ఎత్తైన భవనం వస్తే గాలి వెలుతురు పోతుందని హఠాత్తుగా చరిత్ర మీద ప్రేమ పుట్టినవాళ్లను చాలామందిని చూశాను. అవతల "ఇందులో ఏముంది" అని గట్టిగా అరిచేవాడికి ఆ స్థలం మీద కన్ను ఉండవచ్చు. అయినా ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన భవనం చెడ్డది కాదు. నవ్వుకుని మళ్లీ ఆ రెండు ప్రశ్నల దగ్గరికే రండి.

హోదా ఇస్తే ఏమవుతుందో తెలియకుండా ఇవ్వవద్దు. అమెరికా జాతీయ రిజిస్టర్‌లో ఉన్న ప్రైవేటు భవనాన్ని యజమాని సొంత డబ్బుతో కూల్చుకుంటానంటే ఆ రిజిస్టర్ ఒక్కటే ఆపలేదు. ఆపగలిగేది స్థానిక చట్టం. న్యూయార్క్‌లో ఆ చట్టం 1965లో వచ్చింది, 1910లో తెరుచుకున్న పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టాక గానీ కళ్లు తెరవలేదు. అదే నగరంలో గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ మీద టవర్ కట్టనివ్వలేదని యజమానులు కోర్టుకెళితే, 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తో నగరం వైపే తీర్పిచ్చింది. కాబట్టి మీకు వర్తించే హోదా గౌరవానికేనా, చేతులు కట్టేసేదా అన్నది ముందు కనుక్కోండి. చేతులు కట్టేసేదైతే ఏది ముట్టకూడదో, ఏది మార్చుకోవచ్చో నివేదికలోనే పేరు పేరునా రాయండి. "భవనం మొత్తం" అని రాస్తే రేపు మరుగుదొడ్డి పైపు మార్చాలన్నా అనుమతి కావాలి, ఆ విసుగుతోనే జనం వారసత్వం అంటే పారిపోతారు. పఠన మందిరం, మెట్లు, ముందు గోడ, కప్పు దూలాలు అని రాసి, వెనక తర్వాత కలిపిన గదులు కొట్టేసుకోవచ్చని స్పష్టంగా వదిలేయండి. కొత్తది కట్టాలన్నవాళ్లకు ఆ వెనక స్థలం చాలుతుందేమో కూడా చూడవచ్చు.

ఒక్క హెచ్చరిక. పరిశీలన జరుగుతోందన్న మాట బయటికి పొక్కితే కూల్చడం వేగం అందుకుంటుంది. లండన్ శివార్లలో 1928లో కట్టిన ఫైర్‌స్టోన్ టైర్ల ఫ్యాక్టరీకి 1980 ఆగస్టులో రక్షణ ఉత్తర్వు రాబోతుండగా, ఆ ముందు వచ్చిన సెలవు దినాల్లోనే ముఖభాగం నేలకూలింది. ఇంగ్లండ్‌లో ఇలాంటప్పుడు ఆరు నెలల తాత్కాలిక రక్షణ నోటీసు ఇచ్చే వీలుంది. మీ చట్టంలో అలాంటిది ఉంటే మొదటి సమావేశంలోనే అడగండి, చివరి సమావేశంలో కాదు.

లోపలికి వెళ్లే రోజు టార్చి, టేపు, నిచ్చెన తీసుకెళ్లండి. ముందు గోడ ఫొటోలు అందరూ తీసి ఉంటారు, అవి నాకొద్దు. కప్పు కింద దూలాల అతుకులు, అరల పాదాలు నేలకు కలిసే చోటు, పూత ఊడిన గోడ దగ్గరగా, పక్కన ఒక నాణెం పెట్టి తీసిన ఫొటోలు పంపండి. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం కూడా పంపండి. రాయలేకపోతే ఎక్కడ ఆగిపోయారో చెప్పండి.